సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ కొంటున్నవా? ముందుగాల నీ బాటను కొలువు

వడ్ల పైసలు అకౌంట్ల పడ్డయంటే చాలు, మా రెంజల్, ఎడపల్లి, బోధన్ దిక్కు పోరగాండ్ల ఫోన్లల్ల ఒకటే బొమ్మలు తిరుగుతుంటయి. పాత థార్, పాత స్కార్పియో, జిప్సీ, పదేండ్ల ఫార్చూనర్. "ఢిల్లీ బండి అన్నా, సగం ధరకే వస్తది" అని ఒకడంటడు. "నాందేడ్ల నా దోస్తు ఇప్పిస్తడు" అని ఇంకొకడంటడు. కొనొద్దని నేను చెప్త లేను. బండి మీద ఇష్టం ఉండుడు తప్పేం కాదు. కానీ అది ఒక్క పంట పైసలతోని అయ్యే పని కాదు, రెండు మూడు పంటల కష్టం. గంత పైస పెట్టేటప్పుడు బండి రంగు కాదు, ఆ బండి నడిచే బాట చూడాలె.

మన బాట రెండు తీర్లుంటది. ఒకటి పొలం బాట. గోదావరి, మంజీర, హరిద్ర కలిసే కందకుర్తి మన మండలంలనే ఉన్నది. గోదారమ్మ తెలంగాణల అడుగు పెట్టేది ఈడనే. ఆ నది ఒడ్ల పొలాలు ఎక్కువ నల్లరేగడి. వాన పడితే ఉబ్బుతది, బంక లెక్క పట్టుకుంటది. ఎండకాలంల నెర్రెలు వాస్తది, ట్రాక్టర్ గాడులు రాయి లెక్క గట్టిపడ్తయి. నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌ల మూతపడ్డంక చెరుకు తగ్గింది, వరి పెరిగింది. వరి అంటే నీళ్లు. గందుకే వానకాలమే కాదు, యాసంగిల గూడ కాలువ పక్క బాటలు మెత్తగనే ఉంటయి.

రెండోది సడక్. బోధన్ నుంచి నిజామాబాద్, ఆర్మూర్ మీదికెళ్లి పోయే 63 నంబర్ నేషనల్ హైవే. డిచ్‌పల్లి కాడ ఎక్కితే హైదరాబాద్ దాక 44 నంబర్ హైవే. నిజామాబాద్ నుంచి పట్నం ఇంచుమించు 175 కిలోమీటర్లు. దవఖానకు, చదువుకు, కొలువుకు, ఎయిర్‌పోర్టుకు అన్నిటికి గదే తొవ్వ.

ఒకే బండి ఈ రెండు బాటల మీద నడవాలె. చిక్కంతా ఈడనే ఉన్నది. బురదల గుంజే బండి హైవే మీద ఊగుతది. హైవే మీద మెత్తగ పోయే బండి బురదల కూసుంటది. రెండింట్ల నూటికి నూరు మార్కులు తెచ్చుకునే బండి, మన జేబుకు అందే ధరల, దొరకదు. గందుకే నీకు ఏ బాట ఎన్ని రోజులో ముందు లెక్క తీసుకో. ఏడాదిల బురదల ఇరుక్కున్నది నిజంగ ఎన్ని రోజులు? ఇరవై రోజులైతే, మిగిలిన 345 రోజులు నువ్వు తారు మీదనే ఉన్నట్టు. ఈ ఒక్క లెక్క రాసుకుంటే సగం బండ్లు లిస్టుల నుంచి వాటంతటవే ఎగిరిపోతయి.

నాలుగు చక్రాలు తిరుగుడంటే ఏంది?

మామూలు బండిల ఇంజన్ బలం రెండు చక్రాలకే పోతది. ఆ రెండింటి నడుమ డిఫరెన్షియల్ అని ఒక పెట్టె ఉంటది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ, లోపటి చక్రం తక్కువ తిరగాలె కదా, ఆ పని అది చేస్తది. కానీ దానికి ఒక గుణం ఉన్నది. ఒక చక్రం బురదల జారితే బలమంతా ఆ జారే చక్రానికే పోతది. గట్టి నేల మీదున్న చక్రం ఊకెనే నిలబడి చూస్తది. బండి ఇరుక్కునేది గిట్లనే.

ఫోర్ బై ఫోర్‌ల గేర్‌బాక్స్ ఎన్క ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఇంకో పెట్టె ఉంటది. అది ముంగటి చక్రాలకు గూడ బలం పంచుతది. దానికి మూడు స్థానాలుంటయి. టూ హై అంటే మామూలు నడక. ఫోర్ హై అంటే జారే బాట మీద నాలుగు చక్రాలు. ఫోర్ లో అంటే వేగం బాగ తగ్గి గుంజే బలం పెరుగుడు. ఒడ్డు ఎక్కాలన్నా, ఇరుక్కున్న బండి బయటికి తీయాలన్నా ఈ ఫోర్ లోనే అసలు ఆయుధం.

ఒక్క మాట గుర్తు పెట్టుకో. మన దగ్గర దొరికే పాత జీపులు, జిప్సీ, థార్ అసోంటి వాటిల ఉండేది పార్ట్ టైం ఫోర్ వీల్ డ్రైవ్. దాన్ని ఎండిన తారు మీద ఫోర్ హై వేసి నడపొద్దు. మలుపుల కాడ ముంగటి చక్రాలు, ఎన్కటి చక్రాలు సమానంగ తిరగవు. ఆ ఒత్తిడంతా లోపటి గేర్ల మీద, షాఫ్టుల మీద పడ్తది. షోకుకు ఫోర్ హై వేసుకొని ఊరంత తిరిగినోని బండి కొంటే ఆ ఖర్చు నీ మెడకు చుట్టుకుంటది.

ఆల్ వీల్ డ్రైవ్ వేరే. రెనో డస్టర్‌ల 2014ల వచ్చింది గసోంటిదే. అవసరమైనప్పుడు అదే ఎన్కటి చక్రాలకు బలం పంపుతది. హైవే మీద కారు లెక్క నడుస్తది, వాన బాట మీద గూడ ధైర్యంగ పోవచ్చు. కానీ దాంట్ల ఫోర్ లో లేదు. లోతు బురదకు అది మొనగాడు కాదు.

పేరు చూసి మోసపోకు

థార్ అనంగనే ఫోర్ బై ఫోర్ అనుకుంటరు. 2023 జనవరి నుంచి ఎన్క చక్రాలు మాత్రమే తిరిగే థార్ గూడ అమ్ముతున్నరు. స్కార్పియోలల్ల ఎక్కువ భాగం ఎన్క చక్రాలయే. ఫోర్ వీల్ ఉన్నయి తక్కువ. పాత టాటా సఫారీ, స్టార్మ్‌ల ఫోర్ బై ఫోర్ దొరుకుతది. 2021ల వచ్చిన కొత్త సఫారీ మాత్రం ముంగటి చక్రాల బండి. డస్టర్లు గూడ అన్నీ ఆల్ వీల్ కావు. ఒకప్పుడు మన ఊర్లల్ల ఇరవై మందిని ఎక్కిచ్చుకొని తిరిగిన కమాండర్ జీపులు కూడ చూడనీకే జీపులు, లోపట చానా వాటికి ఫోర్ వీల్ లేదు.

ఎన్క డోర్ మీద "4x4" అని స్టిక్కర్ అంటించుడు మస్తు అగ్గువ పని. నువ్వు చేయాల్సింది వంగి బండి కిందికి చూసుడు. ముంగటి చక్రాల నడుమ డిఫరెన్షియల్ ఉన్నదా, ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముంగటికి షాఫ్ట్ వస్తున్నదా, అది చూడు. లోపట రెండో గేర్ రాడ్ గానీ, మోడ్ మార్చే బటన్ గానీ ఉండాలె. ఇవి లేకుంటే ఏ స్టిక్కర్ ఉన్నా అది టూ వీల్ డ్రైవే.

నడుమ తొవ్వ ఒకటి ఉన్నది. ఎన్క చక్రాలకు లాక్ అయ్యే డిఫరెన్షియల్ ఉన్న బండ్లు. 2021ల వచ్చిన బొలెరో నియోల ఒక వేరియంట్‌కు ఇది ఇచ్చిండ్రు. ఒక చక్రం జారితే లాక్ పడి రెండో చక్రానికి గూడ బలం పోతది. ఏడాదిల ఇరవై రోజుల బురద ఉన్నోనికి చానా సార్లు గిదే సరిపోతది. ఖర్చు గూడ తక్కువ.

రేగడి మట్టికి గల్ఫ్ లెక్క పనికి రాదు

మన జిల్లాల ఇంటికొకరు గల్ఫ్ పోయినోళ్లే. ఆడ ల్యాండ్ క్రూజర్లు, పెట్రోల్‌లు ఇసుక దిబ్బల మీద ఉరుకుడు చూసొచ్చినోళ్లకు పెద్ద బండి మీద మనసు పడ్తది. కానీ ఇసుక వేరు, రేగడి వేరు. ఇసుకల టైర్ గాలి తగ్గిస్తే టైర్ వెడల్పయి బండి తేలుతది. రేగడిల టైర్ గాళ్లల్ల మట్టి నిండుకపోతది. నాలుగు సుట్లు తిరిగెవరకు టైర్ నున్నటి గుండు లెక్క అయితది. అప్పుడు నాలుగు చక్రాలు తిరిగినా నాలుగూ జారుతయి, అంతే.

గందుకే మన నేలకు రెండు సూత్రాలు. మొదటిది, బరువు తక్కువున్న బండి మేలు. జిప్సీ బరువు ఒక టన్ను చుట్టుముట్టు. జిమ్నీ గూడ పన్నెండు వందల కిలోల దాపునే. ఫార్చూనర్ అసోంటి రెండు టన్నుల బండి బలమైనదే గని, రేగడిల దిగబడితే ట్రాక్టర్‌కు ఫోన్ చేయాల్సిందే. రెండోది, బండి కంటే టైర్ ముఖ్యం. నున్నటి హైవే టైర్లున్న ఫోర్ బై ఫోర్ కంటే, మంచి గాళ్లున్న ఆల్ టెర్రైన్ టైర్లు ఏసిన మామూలు బండి ఒక్కోసారి ముంగట పడ్తది.

అట్లని పూర్తి బురద టైర్లు ఏసుకుంటే హైవే మీద మోత, ఊపు. వాన పడ్డ తారు మీద బ్రేక్ కొడితే బండి దూరం పోయి ఆగుతది. సడక్, పొలం రెండూ ఉన్న మనసోంటోళ్లకు ఆల్ టెర్రైన్ టైరే సరైనది.

హైవే మీద పానం ముఖ్యం

పాత బండి కొనేటప్పుడు 2019 అనే ఏడాదిని గుర్తు పెట్టుకో. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి తయారయ్యే కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది. జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అంతకు ముందటి బండ్లల్ల ఇవి ఉండొచ్చు, లేకపోవచ్చు. కంపెనీని, మోడల్‌ని బట్టి ఉంటది. ఏబీఎస్ లేని బండిని 44 మీద వందల వేగంతోని గట్టిగ బ్రేక్ కొడితే చక్రాలు లాక్ అయి, స్టీరింగ్ మాట వినదు. 2020 అక్టోబర్‌ల వచ్చిన కొత్త థార్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ గుద్దుడు పరీక్షల నాలుగు స్టార్లు వచ్చినయి. దానికి ముందటి థార్, జిప్సీ, పాత జీపులు పొలంల రాజులే గని, పిల్లలను ఎక్కిచ్చుకొని ప్రతి వారం పట్నం పోయే బండ్లు కావు.

ఎత్తు లేపిన బండి ఇంకో ముప్పు. ఎత్తు పెరిగితే బరువు మీదికి పోతది. ఎనభై మీద పోతుంటే బర్రె అడ్డమొచ్చిందనుకో, స్టీరింగ్ ఒక్కసారి కొడితే బోల్తా పడ్తది. కంపెనీ ఇచ్చిన తీరును మార్చుడు చట్టానికి గూడ విరుద్ధమే. 2019 జనవరిల సుప్రీంకోర్టు గిదే మాట చెప్పింది. ముంగట బిగిచ్చే పెద్ద ఇనుప గార్డులను 2017 డిసెంబర్‌ల కేంద్రం వద్దన్నది. గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ నేరుగ ఛాసిస్‌కు పోతది, ఎయిర్‌బ్యాగ్ టైంకు తెరుచుకోకపోవచ్చు. ఎదురుంగ ఉన్నది నడుసుకుంట పోయేటోడైతే ఇగ చెప్పనవసరం లేదు. మార్పులు చేసిన బండి అందంగ కనవడ్తది గని, యాక్సిడెంట్ అయినంక ఇన్సూరెన్స్ కాడ అదే అడ్డం పడ్తది.

చూడబోయినప్పుడు చేయాల్సిన పరీక్షలు

ఒక్కనివి పోకు. నీకు తెలిసిన మెకానిక్‌ను తీస్కపో, ఆయన కూలి ఆయనకియ్యి. పొద్దున్నే పో. ఇంజన్ చల్లగున్నప్పుడు స్టార్ట్ చేయించు. ముందే వేడి చేసి పెట్టిండంటే ఏదో దాస్తున్నడు.

తారు మీద కాదు, మెత్తటి నేల మీదికి తీస్కపో. ఫోర్ లో వేసి మొదటి గేర్‌ల, యాక్సిలరేటర్ తొక్కకుంట వదులు. బండి దానంతటదే ముసలెద్దు లెక్క నిమ్మలంగ నడవాలె. దోస్తును పక్కకు నిలబెట్టి ముంగటి చక్రాలు మట్టి గుంజుతున్నయా చూడమను. గేర్ దానంతటదే ఊడొస్తే, గరగర మోత వస్తే, పక్కకు పెట్టు. పాత జీపులు, జిప్సీలల్ల ముంగటి చక్రాలకు చేత్తోని తిప్పే హబ్బులుంటయి. అవి తిరగకుంట పట్టేసినయంటే ఆ బండి ఫోర్ వీల్ ఏండ్ల సంది వాడలేదన్నట్టు.

డిఫరెన్షియల్ నూనె ఇప్పించి చూడు. పాల చాయ్ రంగు ఉంటే నీళ్లు పోయినయి. ఏదో వాగుల దించిండ్రు. ఛాసిస్ పట్టీలకు కొత్తగ వెల్డింగ్ ఉంటే, కింద పచ్చి పెయింట్ కొడితే అనుమానపడు. సీట్ల కింద మ్యాట్ ఎత్తి వాసన చూడు. 2020 అక్టోబర్‌ల హైదరాబాద్ వరదల మునిగిన బండ్లు ఎన్నో. అసోంటివి మళ్ల కడిగి అమ్మకానికి పెడ్తరు. బురద వాసన, సీటు బోల్టుల తుప్పు అబద్ధం చెప్పయి.

టైర్ పక్కన నాలుగు అంకెలుంటయి. 2319 అంటే 2019ల 23వ వారం తయారైంది. నాలుగు టైర్లు ఒకటే సైజు, ఇంచుమించు ఒకటే అరుగుదల ఉండాలె. ఫోర్ వీల్ బండిల తేడా టైర్లు నడిపితే ఆ దెబ్బ ట్రాన్స్‌ఫర్ కేస్‌కు తగుల్తది. ఆల్ వీల్ బండ్లల్ల ఇంక జల్ది తగుల్తది. మీటర్ రీడింగ్‌ను ఒక్కదాన్నే నమ్మకు. క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ నునుపు, డ్రైవర్ సీటు అరుగుదల మీటర్‌తోని కలుస్తున్నయా చూడు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ సిక్స్ డీజిల్ బండైతే ఒక సంగతి. పొగను వడగట్టే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటది. రోజు ఇంటి నుంచి పొలానికి రెండు కిలోమీటర్లే తిప్పితే అది మూసుకపోతది. వారం పది రోజులకోపారి హైవే మీద అరగంట ఉరికిస్తే లోపటి మసి కాలుతది. అట్ల ఉరికిచ్చే పనే లేనోనికి ఆ బండి తగదు.

అగ్గువ బండి కాగితాల కాడ పిరమైతది

ఢిల్లీ బండ్లు ఎందుకు అగ్గువ? ఆడ పదేండ్లు దాటిన డీజిల్, పదిహేనేండ్లు దాటిన పెట్రోల్ బండ్లు నడపొద్దని 2015ల గ్రీన్ ట్రిబ్యునల్, 2018ల సుప్రీంకోర్టు చెప్పినయి. గందుకే మంచి బండ్లు గూడ బయటికి అగ్గువకు అమ్ముతరు. కానీ ఈడికి తెచ్చినంక ఆ ఆర్టీఓ ఆఫీస్ ఇచ్చే ఎన్‌వోసీ కావాలె, బండి వయసును, అసలు ధరను బట్టి మన లైఫ్ ట్యాక్స్ కట్టాలె. మన పక్కనున్న నాందేడ్, ధర్మాబాద్ బండ్లకు గూడ ఇదే రూల్. మహారాష్ట్ర నంబర్‌తోనే ఏడాది దాటినంక తిప్పుడు చట్టం ఒప్పుకోదు. బేరం ఆడే ముంగటనే నిజామాబాద్ రవాణా ఆఫీస్‌ల ట్యాక్స్ ఎంత పడ్తదో అడిగి, ఆ మొత్తం ధరల కలుపుకో. అప్పుడు "సగం ధర" ఎంత సగమో తెలుస్తది.

పదిహేనేండ్లు దాటితే ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ మళ్ల కొత్తది చేసుకోవాలె. ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగ పెరిగింది, పైన గ్రీన్ ట్యాక్స్ వేరే. ఛాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ ఆర్సీతోని నీ కండ్లతోని కలిపి చూసుకో. నాలుగు జీపుల ముక్కలు కలిపి ఒక జీపు చేసే షెడ్లు దేశంల ఉన్నయి. పాత ఆర్సీ మీద కొత్త బాడీ ఎక్కిస్తే, పోలీసోళ్లు ఆపిన రోజు ఆ బండి నీది కాదు.

లోన్ ఉంటే బ్యాంకు నుంచి ఫారం 35 తీసుకో. ఫారం 29, 30 మీద సంతకాలు పైసలిచ్చే రోజే కావాలె. పద్నాలుగు రోజులల్ల ఇన్సూరెన్స్ నీ పేరు మీదికి మార్చుకో. పాత చలాన్లు ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకో. పాతాయన ఫాస్టాగ్ బంద్ చేయించి కొత్తది పెట్టుకో. లేకుంటే ఇందల్వాయి టోల్ కాడ కట్ అయ్యేది ఆయన పైసలు, తగువు నీది.

నెల ఖర్చు గూడ లెక్కే

నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతవనుకో. లీటర్‌కు పదిహేను ఇచ్చే బండికి 67 లీటర్లు. పది ఇచ్చే బండికి 100 లీటర్లు. తేడా 33 లీటర్లు. డీజిల్ లీటర్ 95 రూపాయల లెక్కన చూసినా ఏడాదికి ముప్పై ఏడు వేల మీదనే. కొన్న రోజు ధరల కనీసం పదో వంతు పక్కకు పెట్టుకో. పాత బండి మొదటి ఏడాది టైర్లు, క్లచ్, సస్పెన్షన్ పేరు మీద అది అడుగుతనే ఉంటది. ఆ పైసలు లేకుంట మొత్తం బండి మీద పెట్టినోడు, మొదటి రిపేర్‌కే అప్పుకు పోతడు.

ఇగ నీకు ఏది?

పొలం ఊరికి దగ్గరుండి, పట్నం నెలకోసారి పోయి, బురద ఇరవై రోజులే ఉంటే, మంచి ఎత్తున్న టూ వీల్ డ్రైవ్ బండి, ఆల్ టెర్రైన్ టైర్లు. లాకింగ్ డిఫరెన్షియల్ దొరికితే మరీ మంచిది. నది ఒడ్డున పొలమో, పాల సప్లయో, చేపల పనో ఉండి రోజు బురదల దిగాల్సినోడివైతే, బరువు తక్కువున్న అసలైన ఫోర్ బై ఫోర్, ఫోర్ లో ఉన్నది, ధైర్యంగ తీసుకో. రెండూ సమానంగ ఉంటే, పైస చేతుల ఉంటే, 2020 తర్వాతి థార్ ఫోర్ బై ఫోర్, 2023ల వచ్చిన జిమ్నీ అసోంటివి చూడు. కుటుంబం పెద్దది, బాట మరీ లోతు కాదు అంటే ఆల్ వీల్ డస్టర్ అసోంటిది సాలు. కానీ స్పేర్ పార్టులు నిజామాబాద్‌ల దొరుకుతయా అని ముందే విచారించు. పార్ట్ కోసం నెల రోజులు షెడ్‌ల నిలబడే బండి ఎంత గొప్పదైతే ఏం లాభం?

ఆఖరికి ఒక మాట. నీ పొలం బాట మీద నువ్వొక్కనివే పోవు. ట్రాక్టర్ పోతది, వడ్ల లారీ పోతది, నాట్లేసే అక్కలు నడుసుకుంట పోతరు, ఆపతొస్తే 108 బండి రావాలె. నీ ఫోర్ బై ఫోర్ నిన్నొక్కన్నే దాటిస్తది. అదే బాట మీద పది మంది రైతులు కలిసి గ్రామసభల అడిగి మొరం పోయించుకుంటే అందరూ దాటుతరు. ఉపాధి హామీ పనుల కింద పొలం బాటలు ఏసుకున్న ఊర్లు ఎన్నో ఉన్నయి. బండి కొనుక్కో, మంచిగ చూసి కొనుక్కో. బాట కోసం గూడ గంతే గట్టిగ అడుగు.